దళపతి చంపిన మాచన

గాలిలో ఎగిరే రథాలున్న కాలంలో, వెన్నెల రంగు రెక్కలకి చమురు రాసి రథాలు బాగుచేసేవాడు మాచన. అమ్మని చూసొస్తానని ఎన్నిసార్లు అడిగినా దళపతి గండరాయుడు సెలవివ్వలేదు.

ఒకరోజు రాజుగారి ఎదుట ఉత్తుత్తి యుద్ధం పెట్టారు.

"అంతా నిజం యుద్ధంలాగే జరగాలి" అని దళపతి హుకుం. రథం కింద పనిచేస్తున్న మాచనని కర్రతో పొడిచి, "నీకు బాణం తగిలింది. చచ్చావు, పడుకో" అన్నాడు.

మాచన బుద్ధిగా పడుకున్నాడు.

అంతలో రాజుగారి రథం రెక్క బిగుసుకుపోయింది.

"లేరా, బాగుచెయ్యి" అన్నాడు దళపతి.

"చచ్చినవాణ్ణి ఎలా లేస్తానండీ? నిజం యుద్ధమైతే శవాన్ని ఇంటికి పంపాలి కదండీ" అన్నాడు మాచన, కళ్ళు తెరవకుండానే.

"నిజమే కదయ్యా, పంపించు" అన్నారు రాజుగారు. దళపతి పళ్ళు కొరుక్కుంటూ పల్లకీ తెప్పించాడు.

సాయంత్రానికి పల్లకీ గుమ్మం ముందు దిగింది. శవం లేచి కూర్చుని, "అమ్మా, ఆకలేస్తోందే" అంది.