ఎవరూ పట్టని పడుగు

తీతు పడుగు మూడోసారి కూడా పాడైంది.

నేతపని తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే దారాలు. మగ్గం ఎక్కించే ముందు వాటిని వీధి పొడుగునా చాచి, గంజి పెట్టి, అది ఆరేలోగా కుంచెలతో తియ్యాలి. దానికి అయిదారుగురు ఉండాలి. గంజి ముందే ఎండిపోతే దారాలు ఒకదానికొకటి అతుక్కుని, విడదీయబోతే తెగిపోతాయి. అందుకే నేతగాళ్ళ వీధిలో ఎవరి పడుగు చాచినా పక్కవాళ్ళు పిలవకుండానే వచ్చి చెయ్యి వేసేవారు. నా చిన్నతనంలో చీరాల వైపు తెల్లారేసరికి వీధుల నిండా పడుగులే. బడికి వాటి కిందనుంచి వంగి వెళ్ళేవాళ్ళం. చొక్కాకి గంజి అంటితే మాస్టారు... సరే, అది వేరే సంగతి.

తీతు అసలు పేరు సాంబయ్య. బాప్తిస్మం తీసుకుని తీతు అయ్యాడు. కులపెద్దలు కూర్చున్నారు. కొట్టలేదు, తిట్టలేదు. అతని పడుగు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని తీర్పు చెప్పి లేచిపోయారు. ఆ తర్వాత వీధిలో అతన్ని పలకరించడం కూడా మానేశారు. అతని మేనమామ కోటిలింగం, పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే, కూతురు నాంచారమ్మని తన ఇంటికి తీసుకుపోయాడు. ఆ ఇల్లెంతో దూరం లేదు, నాలుగు గుమ్మాల అవతల. పొద్దున్నే ఆమె నీళ్ళు తోడే గిలక చప్పుడు తీతుకి వినపడేది. మనిషి మాత్రం కనపడేది కాదు.

పడుగు ఒక కొస గుంజకి కట్టి, రెండో కొస నుంచి తనొక్కడే గంజి తీసుకుంటూ పోయాడు. ఈ కొస పూర్తయ్యేలోగా ఆ కొస ఎండిపోయింది. మూడుసార్లూ అంతే.

ఆరు మైళ్ళు నడిచి ఎజ్రా అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు. తనకి బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు ఆయనే.

"పట్నంలో మన మిషను ఆస్పత్రికి ఒక ఉత్తరం రాసివ్వండి అయ్యగారూ. వాచ్‌మన్ పనైనా చేసుకుంటాను. అక్కడ పలకరించే మనుషులుంటారు."

అయ్యగారు సైకిల్ చెయిన్‌కి నూనె వేస్తున్నారు. "ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఏమీ అనలేదండి. అదే నా బాధ. మొన్న ప్రార్థన కూడికలో అందరూ దేవుడి కోసం తాము పడ్డ కష్టాలు సాక్ష్యం చెప్పారు. ఒకాయన తల పగలగొట్టారట. ఇంకొకాయన్ని చెట్టుకి కట్టేశారట. నేనేం చెప్పను? నాతో ఎవరూ మాట్లాడటం లేదని చెప్పనా? రాళ్ళేసినా బాగుండును. వేసేవాడు ఒకసారి నా మొహం చూస్తాడు కదండీ."

అయ్యగారు చెయిన్ ఒకసారి తిప్పి చూశారు. తల్చుకుంటే విశ్వాసులు పడే శ్రమల మీద గంటసేపు బోధించగలరు. మా కాలేజీలో తర్కం చెప్పే లెక్చరరు ఒకాయన ఉండేవారు, మంచినీళ్ళిమ్మంటే ఎందుకివ్వాలో మూడు కారణాలు చెప్పి మరీ ఇచ్చేవారు. అయ్యగారు ఆ బాపతు కాదు.

"ఉత్తరం రేపు మీ ఇంటికొచ్చి రాస్తాను. కాగితం, కలం తెచ్చుకుంటాలే. ఇంకా పడుగేమన్నా ఉందా?"

"ఒక్కటుందండి. ఆఖరిది."

మర్నాడు తెల్లవారుతూనే అయ్యగారు వచ్చారు. ఇద్దరూ పడుగు చుట్ట తెచ్చి వీధిలో పెట్టారు. అప్పటికే అవతల కోటిలింగం పడుగు చాచి ఉంది. గంజి కూడా పెట్టేశారు. అప్పుడు చూసుకుంటే మనుషులు చాలలేదు. రావలసిన నలుగురూ పొరుగూళ్ళో చావుకి వెళ్ళారు. ఇంటిల్లిపాదీ కలిపి ముగ్గురున్నారు. పైగా తూర్పున మబ్బు పట్టి గాలి లేచింది.

అయ్యగారు చొక్కా చేతులు పైకి మడుచుకుని అటు నడిచారు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు కోటిలింగం. ఎవరో తెలిసే అన్నాడు.

"చేతులు ఖాళీగా ఉన్నవాణ్ణండి."

కోటిలింగం మబ్బు వంక చూశాడు, పడుగు వంక చూశాడు. అయ్యగారు అరుగు మీది కుంచె తీసుకున్నారు.

"అయ్యయ్యో, అడ్డంగా కాదు! గోడకి సున్నం కొడుతున్నావా? దారం వెంబడి తియ్యి! ఎవడు నేర్పాడయ్యా నీకు?"

"ఎవరూ నేర్పలేదండి. మీరు నేర్పండి."

తీతు తన పడుగు పక్కనే నిలబడి చూస్తున్నాడు. అయ్యగారు తీసిన చోటల్లా దారాలు జడలు కడుతున్నాయి. నేతగాడి కళ్ళు అది ఎంతసేపని ఓర్చుకుంటాయి? వెళ్ళి రెండో కుంచె అందుకున్నాడు.

కోటిలింగం తల ఎత్తలేదు. తీతు పడుగు ఎవరూ ముట్టకూడదని తీర్పులో ఉంది కాని, తీతు ఇంకొకరి పడుగు ముట్టకూడదని పెద్దలకి తోచినట్టు లేదు.

నాంచారమ్మ గంజి ముంత పట్టుకుని పడుగు అవతలి పక్కన నడుస్తోంది. తీతు చెయ్యి వెళ్ళిన చోటికల్లా గంజి సమంగా అందింది. ఆమె కళ్ళు మాత్రం దారాల మీదినుంచి లేవలేదు.

రెండు గంటల్లో పనైపోయింది. చినుకు పడలేదు. కోటిలింగం పడుగు చుట్టించి, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. నాంచారమ్మ ముంత కడిగి, ఆ నీళ్ళు వీధిలో పారబోసి, ఆమె కూడా వెళ్ళిపోయింది.

మబ్బు విడిచి ఎండ వచ్చింది. ఇద్దరూ తీతు పడుగు దగ్గరికి వచ్చి కూర్చున్నారు. వీధిలో అటూ ఇటూ జనం నడిచిపోయారు. ఒకడు పడుగు చుట్ట అడ్డం వస్తే దాటుకుని వెళ్ళాడు.

చాలాసేపు చూసి తీతు అన్నాడు. "ఎవరూ రాలేదండి."

అయ్యగారి చేతులకి మోచేతుల దాకా గంజి ఎండి తెల్లగా పొరలు కట్టింది. ఆయన దాన్ని గోటితో గీక్కుంటున్నారు.

"మనం వెళ్ళాం కదా," అన్నారు.

ఆ తర్వాత జేబులోంచి కాగితం, కలం తీశారు. "ఆస్పత్రిలో ఎవరి పేరున రాయమంటావు?"

తీతు వంగి పడుగు కొస తీసి అయ్యగారి చేతిలో పెట్టాడు. రెండో కొస పట్టుకుని, చుట్ట విప్పుకుంటూ, ఖాళీ వీధిలో ఆ చివరికంటా నడిచి వెళ్ళాడు.

అక్కణ్ణించి కేకేశాడు. "దారం వెంబడి తియ్యాలి అయ్యగారూ!"