కదిరమ్మ చెంబు

కదిరమ్మ కరివేపాకు మొక్క ఎండిపోతోంది.

ఆ మొక్క మామూలుది కాదు. వాళ్లమ్మ కాలం చేసిన ఏడాది, పెరట్లో అమ్మ పెంచిన చెట్టు మొదట్లో లేచిన పిలకను తవ్వి, తడిగుడ్డలో చుట్టి, దారంతా ఒళ్లో పెట్టుకుని బడికి తెచ్చుకుంది. సిద్ధప్ప అయ్యవారే గుంత తీసి నాటించారు.

అయ్యవారిది కొండ కింద చిన్న ఆశ్రమం. అందులోనే బడి. ఎండాకాలం వస్తే బావిలో నీళ్లు అడుగంటేవి. అందుకని ఆయన పిల్లలకు అక్షరాల కంటే ముందు నీళ్ల పాఠం చెప్పేవారు. అన్నం తిన్నాక మనిషికొక చెంబు. గంగమ్మకు దండం పెట్టి గానీ ముట్టుకోకూడదు. ఎవరి మొక్క మొదట్లో వాళ్లు కూర్చుని చెయ్యీ కంచమూ కడుక్కోవాలి. మొక్కలకు వేరే నీళ్లు లేవు. చెంబులో మిగిలింది మాత్రం తిరిగి బానలో పొయ్యాలి.

ఆ మిగల్చడంలో కదిరమ్మను మించినవాళ్లు లేరు. కంచం బూడిదతో తుడిచేసేది. వేళ్ల కొసలు తడిపి, అయిపోయిందనిపించేది. వెళ్లిన చెంబు వెళ్లినట్టే బాన దగ్గరికి వచ్చేది. పైగా పక్కవాళ్ల మీద ఒక కన్ను.

"ఏమే ఓబులమ్మా, చెయ్యి కడుగుతాండావా, ఎద్దును కడుగుతాండావా?"

"నా చెయ్యి పెద్దది మే!" అని నవ్వేది ఓబులమ్మ.

ఓబులమ్మ వంగమొక్క కాయలు కాసింది. కదిరమ్మ మొక్క ఆకులు రాల్చింది.

ఆ రోజు ఇక ఉండబట్టలేక అయ్యవారి ముందు నిలబడింది.

"అయ్యవారూ, నేను ఒక్క చుక్క కూడా వృథా చెయ్యలేదు. పారబోసేవాళ్ల మొక్కలన్నీ పచ్చగా ఉండాయి. మా అమ్మ మొక్కే ఎందుకు ఎండిపోతాంది?"

అయ్యవారు అప్పుడే భోజనం ముగించి లేస్తున్నారు. సంగటి అంటిన చెయ్యి చూపించి, "నీ చెంబు తీసుకురా తల్లీ. నా చేతి మీద నీళ్లు పొయ్యి" అన్నారు. వెళ్లి కరివేపాకు మొదట్లో గొంతుక్కూర్చున్నారు.

కదిరమ్మ దారంలా పోసింది.

"ఇంకొంచెం."

పోసింది.

"ఇంకొంచెం తల్లీ."

ఆయన ఒక్కో వేలూ తోముకుంటున్నారు. తొందరే లేదు. చెంబు సగమయ్యేసరికి కదిరమ్మ ప్రాణం ఉసూరుమంది. చివరికి బోర్లించాల్సి వచ్చింది.

అన్నాళ్లూ ఆ పిల్ల చూపు చెంబు అంచు మీదే ఉండేది. ఇప్పుడు చెంబులో చూడ్డానికి ఏమీ లేదు. కిందికి చూసింది. నెర్రెలిచ్చిన మట్టి, ఆకలేసిన పసిబిడ్డలా, సన్నగా చప్పుడు చేస్తూ నీళ్లు పీల్చుకుంటోంది.

అయ్యవారు ఆ తడిచెయ్యి తీసి ఆమె తల మీద పెట్టారు.

"ఇందులో ఎంత వృథా అయింది తల్లీ?"

కదిరమ్మ మట్టినే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు భోజనాలయ్యాక ఓబులమ్మ బాన దగ్గరి నుంచి కేకేసింది.

"మే కదిరమ్మా! నీ నిండు చెంబు ఇంకా రాలేదేమే?"

కదిరమ్మ తల ఎత్తలేదు. మొక్క ముందు కూర్చుని వేళ్లు కడుక్కుంటోంది. చిన్నప్పుడు అమ్మ కడిగినట్టు, బొటనవేలితో మొదలుపెట్టి, ఒక్కొక్కటే.