రాజుగారి నోట్లో రహస్యం

తుమ్మలకోన అడవికి గండరాయుడనే పెద్దపులి రాజు. కోన దాటితే ఒక వాగు, వాగు దాటితే ఎర్రకొండ. ఎర్రకొండను ఏలేది పెద్దిరాజనే ఇంకో పులి. వాగు నీళ్ళ దగ్గర ఈ రెండు వంశాలకీ తాతల నాటి నుంచీ పడేది కాదు. ఆ పగ చల్లారాలని పెద్దలు కూర్చుని, పెద్దిరాజు అక్క కనకాంగిని గండరాయుడికిచ్చి పెళ్ళి చేశారు. పెళ్ళయి మూడేళ్ళు. వాగు గట్టున పగ చల్లారింది. కనకాంగి కడుపులో మంట మాత్రం రోజురోజుకీ రాజుకుంటోంది.

మొగుడు కొట్టాడనో తిట్టాడనో కాదు ఆ మంట. గండరాయుడు మెత్తనివాడు. మరీ మెత్తన. బాధ ఏమిటంటే, ఆ గుహలో ఆమెకు ఎవరూ ఏదీ చెప్పరు. రాజమాత వీరనాగమ్మ, దివాను పని చూసే సుబుద్ధయ్య అనే నక్క, మొగుడు, ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుతూ ఉంటారు. కనకాంగి అడుగుల చప్పుడు వినపడగానే రాజమాత గొంతు పెంచి, "ఈ ఏడు వానలు ఆలస్యమే సుమా!" అంటుంది. "ఆలస్యమే తల్లీ, ఆలస్యమే" అంటాడు సుబుద్ధయ్య. నిండు శ్రావణంలో, బయట కుండపోతగా కురుస్తుండగా కూడా ఆ మాటే అన్నారు.

నెల రోజులుగా వ్యవహారం మరీ ముదిరింది. గండరాయుడు ఆమెతో కలిసి తినడం మానేశాడు. నవ్వొస్తే మూతికి పంజా అడ్డం పెట్టుకుంటాడు. ఆవలింత వస్తే గోడవైపు తిరుగుతాడు.

"నాతో కూర్చుని తినకూడనంత తప్పు నేనేం చేశానండీ?" అని అడిగింది కనకాంగి.

"వ్రతం" అన్నాడు గండరాయుడు పెదాలు కదపకుండా.

"ఏం వ్రతం?"

"అమ్మనడుగు."

అత్తగారినడిగింది. "మగాళ్ళ వ్రతాలు నీకెందుకమ్మా?" అంది వీరనాగమ్మ.

"మరి దివానుగారికెందుకు తెలుసు?"

"అతను మూడు తరాలుగా మన ఉప్పు తింటున్నవాడు. నువ్వు మొన్న వచ్చినదానివి."

మూడేళ్ళు కాపురం చేసినా తాను మొన్న వచ్చినదే! కనకాంగి గట్టిగా గాలి పీల్చి, బయటికెళ్ళి ఒక మద్దిచెట్టు బెరడంతా గోళ్ళతో చీరేసి వచ్చింది. ఈ మధ్య ఆ గుహ చుట్టుపక్కల బెరడున్న చెట్టు మిగల్లేదు.

ఇలా ఉండగా పెద్దిరాజు అక్కను చూడ్డానికి వస్తున్నానని కబురు పెట్టాడు. ఆ అడవుల్లో ఒక ఆనవాయితీ ఉంది. చుట్టంగా వచ్చిన రాజు దున్నపోతు తొడ బొమిక తెస్తాడు. ఇంటి రాజు దాన్ని సభలో అందరి ముందూ ఒక్క కొరుకుతో పగలగొట్టాలి. ఆ తర్వాతే విందు. కబురు వినగానే గండరాయుడి మీసాలు వాలిపోయాయి.

వీరనాగమ్మ కోడల్ని పిలిచింది. "మీ తమ్ముడితో చెప్పు. రాజుగారు వ్రతంలో ఉన్నారు, బొమిక ముట్టరని."

"ఏం వ్రతమో నాకు చెప్పకుండా నాచేత చెప్పిస్తారా అత్తయ్యా?"

"చెప్పమన్నది చెప్పు. కోడలి పని అంతే."

మర్నాడు పొద్దున్నే కనకాంగి తమ్ముడికి ఎదురెళ్ళింది. పెద్దిరాజు వాగులో నీళ్ళు తాగుతున్నాడు. వెనకాల అతని బంట్లు, రేచుకుక్కలనే అడవికుక్కలు, బొమికను మోసుకొస్తున్నాయి. అక్కను చూడగానే పక్కకు పిలిచాడు.

"అక్కా, బావ కోరలు రెండూ విరిగాయట కదా?"

విడిగా తినడం, పంజా అడ్డం పెట్టుకోవడం, గోడవైపు ఆవలింతలు, అన్నీ కనకాంగికి ఒక్కసారిగా అర్థమయ్యాయి. మొగుడి కోరలు పోయినందుకు రాలేదు ఆమెకు కోపం. ఎర్రకొండలో అందరికీ తెలిసిన సంగతి తన గుహలో తనకు తెలియనందుకు వచ్చింది.

"ఎవరు చెప్పారు?"

"నమ్మకమైన చోటు నుంచే తెలిసిందిలే. నువ్వు ఒక్క ఊఁ అను చాలు. కొరకలేని రాజును ఇవాళ సభలోనే దించేస్తాను. కోన మనదవుతుంది. నిన్ను మహారాణిలా ఇంటికి తీసుకుపోతాను."

"మొగుణ్ణి తరిమేసి మహారాణిని చేస్తావా? ఎంత దయరా నీది!"

"నాన్న కడుపున పుట్టినదానివి అక్కా నువ్వు. ఎర్రకొండ మాట మరిచిపోతావా?"

"వాగులో నెత్తురు ఆగాలని నన్నిచ్చాడు నాన్న. మళ్ళీ పారాలని కాదు" అంది కనకాంగి. "ఆయన కోరల సంగతి నాకు తెలియదు. తెలిశాక నేనే చెప్తాను. అందాకా ఆగు."

తెలియదన్న మాట ఎంత నిజమో, చెప్పుకోవడానికి అంత సిగ్గుగా అనిపించింది ఆమెకు. అటు పుట్టిల్లు, ఇటు మెట్టినిల్లు, మధ్యలో అడకత్తెరలో పోకచెక్కలా తాను. విసురుగా గుహకొచ్చి మొగుడి ముందు నిలబడింది.

"నోరు తెరవండి."

"వ్రతం..."

"నోరు తెరవండి!"

గండరాయుడు తెరిచాడు. పైకోరలుండాల్సిన చోట రెండు మొండి ముక్కలున్నాయి.

"ఎలా పోయాయి?"

"తాబేలనుకుని..."

"అనుకుని?"

"బండరాయిని కొరికాను."

కనకాంగికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కడే చతికిలబడింది. "దీనికా నెల్లాళ్ళ వ్రతం? పంటి నొప్పితో పక్కనే పడుకుని, నాకొక్క మాట చెప్పలేకపోయారా?"

"అమ్మ వద్దంది. నువ్వు మీవాళ్ళతో అంటావని..."

ఇంతలో వీరనాగమ్మ ఊగిపోతూ వచ్చింది. "మీ తమ్ముడు వాగు దగ్గర కోరలంటూ ఏదో కూస్తున్నాడట! నువ్వే చెప్పావా?"

"నాకు తెలియని సంగతి నేనెలా చెప్తాను అత్తయ్యా?"

వీరనాగమ్మ కొడుకు వంక చూసింది.

"తెలిసింది ముగ్గురికి" అంది కనకాంగి. "మీరు, ఆయన, దివానుగారు."

"సుబుద్ధయ్యనంటావా? కళ్ళు పోతాయి! మూడు తరాల నమ్మకం!"

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సరే, నేను పడతాను. సభలో ఏం జరిగినా మీరిద్దరూ నోరు మెదపకండి. మీకు బాగా అలవాటైన పనేగా!"

మధ్యాహ్నం పెద్ద రాతిపలక మీద సభ జరిగింది. ఎలుగుబంట్లు, అడవిపందులు, దుప్పులు, నెమళ్ళు అన్నీ చేరాయి. పెద్దిరాజు బొమికను ముందుకు తోశాడు.

"బావా, మొదటి కొరుకు మీది."

గండరాయుడు పెదాలు బిగించాడు. సుబుద్ధయ్య వినయంగా లేచాడు. "ప్రభువులు వ్రతంలో ఉన్నారండీ. నిజంగా వ్రతమేనండీ. ఇంకే కారణమూ లేదండీ" అన్నాడు. అతను అన్న తీరుకు, అప్పటిదాకా అనుమానం లేనివాళ్ళకు కూడా అనుమానం పుట్టింది.

"వ్రతమా, కోరలు విరిగాయా?" అన్నాడు పెద్దిరాజు. సభలో కలకలం రేగింది. ఒక అడవిపంది అప్పుడే వెనక్కి తిరిగి పారిపోయే దారి చూసుకుంది.

కనకాంగి లేచింది. "తమ్ముడూ, చచ్చిన దున్న బొమిక మీద పులి కోరలు పరీక్షించడమేమిటి? బతికున్న మెడ మీద చూడాలి. మా దివానుగారు మూడు తరాల నమ్మకస్తుడు. రాజుగారి పరువు కోసం మెడ ఇవ్వరూ? కోరలు లేవంటావా, ఆయనకు గీత కూడా పడదు. ఉన్నాయంటావా, పుణ్యలోకాలకు వెళ్తారు."

పెద్దిరాజు లోలోపల మురిసిపోయాడు. కోరలు లేవని సుబుద్ధయ్యకు తెలుసు, ఇక భయమెందుకు? "బాగుందక్కా! సుబుద్ధయ్యే పెట్టాలి మెడ!"

సుబుద్ధయ్య లోలోపల లెక్కలు వేసుకున్నాడు. కోరలు లేకపోతేనేం, దవడలున్నాయి, రెండు పంజాలున్నాయి. మెడ చేతికిచ్చాక పులి ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? పోనీ కోరలు లేవు, నాకేం భయమని అందామా, ఆ రహస్యం బయటపెట్టింది తానేనని తేలిపోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

"ముందు మెడ వంచండి దివానుగారూ. రాజుగారు తర్వాత నోరు తెరుస్తారు" అంది కనకాంగి, చుట్టానికి పీట వేసినంత మర్యాదగా.

గండరాయుడు లేచి ఒక్క అడుగు వేశాడు. మూసిన నోటిలోంచే గుర్రుమన్నాడు. అంతే, నక్క గుండె జారిపోయింది.

"బాబోయ్! రాజుగారి కోరలు నాకు తెలియవా! ఒక్కొక్కటి కొడవలంత! నిన్న కూడా చూశాను, తళతళా మెరుస్తున్నాయి! నన్ను వదిలెయ్యండి మహాప్రభో!"

పెద్దిరాజు ఎగిరి లేచాడు. "ఏమన్నావురా? మొన్న మా కొండకొచ్చి, కోరలు మొదలంటా విరిగాయి, మీ బావను దించితే రెండడవులకూ నన్నే దివానును చెయ్యమని అడిగింది నువ్వా, నీ తాతా?"

వీరనాగమ్మ నక్క వంక చూసింది. "సుబుద్ధయ్యా" అంది మెల్లగా.

గండరాయుడి పంజా లేచింది. సుబుద్ధయ్య గాల్లోకి ఎగిరాడు. సగం తోక పంజా కిందే వదిలేసి, ఎలుగుబంట్ల కాళ్ళ సందుల్లోంచి దూరి పరుగో పరుగు. సభ సభంతా వాడి వెంటపడింది. ఆ గోలలో బొమిక సంగతి ఎవరికీ గుర్తే లేదు.

పొద్దు వాలకముందే పెద్దిరాజు తిరుగుప్రయాణమయ్యాడు. కనకాంగి వాగు దాకా సాగనంపింది.

"పొరపాటైపోయిందక్కా. ఆ నక్క మాట నమ్మాను. బావ కోరలు బాగానే ఉన్నాయన్నమాట."

"లేవు."

పెద్దిరాజు ఆగిపోయాడు.

"తెలిశాక చెప్తానన్నాను కదా. తెలిసింది, చెప్తున్నాను. నీకు అబద్ధం చెప్పను. బావకు కోరలు లేవు." కనకాంగి తమ్ముడి ముఖం ముందుకొచ్చి నోరు తెరిచింది. "నాకున్నాయి. అక్కను చూడ్డానికి వస్తే కాళ్ళకు నీళ్ళిస్తాను. కోన కోసం వస్తే వీటితో మాట్లాడతాను."

పెద్దిరాజు ఆ కోరలు చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. "చిన్నప్పుడు కూడా ఇలాగే బెదిరించి నా చెవి కొరికేదానివి" అన్నాడు.

"ఈసారి చెవితో ఆగదు."

పెద్దిరాజు తల ఊపి వాగు దాటాడు. వెనక్కి తిరిగి చూశాడు గానీ, వెనక్కి రాలేదు.

గుహలో ఈ సంగతి వినగానే గండరాయుడు అదిరిపడ్డాడు. "చెప్పేశావా! ఎందుకే?"

"దాస్తే ఏమయిందో చూశారుగా! రేపు సభలో మీరే చెప్పండి. కోరలు పోయాయి, పంజా ఉంది, పక్కన పెళ్ళాం ఉందని."

"బండరాయి సంగతి కూడానా?"

"అది మాత్రం అక్కర్లేదు" అంది కనకాంగి విసుగ్గా.

వీరనాగమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. "నక్కను లోపల కూర్చోబెట్టి, కోడల్ని గుమ్మంలో నిలబెట్టాను" అంది, తనలో తాను అనుకుంటున్నట్టు.

కనకాంగి కోపం ఒక్కపూటలో పోయేది కాదు. "ఏం నమలగలరో చెప్పండి. రేపు వేటకు నేనే వెళ్తాను" అని మాత్రం అంది మొగుడితో.

సుబుద్ధయ్య ఆ సాయంత్రమే ఎర్రకొండకు వెళ్ళాడు. "అక్కడొక మాట, ఇక్కడొక మాట చెప్పేవాడు మాకొద్దు" అని రేచుకుక్కలు తరిమాయి. తుమ్మలకోన గుమ్మమూ మూసుకుపోయింది. సగం తోకతో వాగు మధ్య ఇసుకదిబ్బ మీద ఎండ్రకాయలు వెతుక్కుంటూ మిగిలాడు. ఈ గట్టుకొస్తే వీళ్ళు తిడతారు, ఆ గట్టుకెళితే వాళ్ళు తిడతారు.

ఇల్లాలికి దాచిన రహస్యం, నక్క చేతికిచ్చిన తాళంచెవి.