వరస తప్పిన రాత్రిరాణి

చంద్రకాంత విచ్చిందే చెల్లెలా, సందె వాలిందే
సన్నజాజి విచ్చిందే చెల్లెలా, దీపమెట్టారే
రాత్రిరాణి విచ్చిందే చెల్లెలా...

అక్కడికొచ్చి ఆగిపోయింది మచ్చమ్మ. రోజూ అక్కడే ఆగుతుంది.

"తర్వాతేంటి మామ్మా?" అన్నాడు గంగన్న, నెమరు ఆపకుండానే. గంగన్న ఆ నిమ్మతోటలో ఎద్దు. ఇదే ప్రశ్న మూడేళ్ళుగా అడుగుతున్నాడు, విసుగన్నది లేదు.

"ఏదో 'మూశారే' అని ఉండాలి గంగన్నా. తలుపు మూశారో, గిన్నె మూశారో. నాలిక చివరదాకా వచ్చి వెనక్కి పోతుంది."

మచ్చమ్మ తోటకు కాపలా ఉండే ముసలి కుక్క. కూనగా ఉన్నప్పుడు, ఆసామి వాళ్ళమ్మ పూలు కోస్తూ పాడుతుంటే గోనెపట్టా మీద పడుకుని విన్న పాట అది. ఆవిడ పోయింది, ఆ పూల మొక్కలూ పోయాయి, పాట మాత్రం ముప్పాతిక వంతు మిగిలింది. ఇప్పుడు మచ్చమ్మ కళ్ళకు పొరలు కమ్మాయి. పగలు పాలలా, రాత్రి సిరాలా కనిపిస్తుంది, అంతే తేడా. అయితేనేం, ముక్కు ఉంది. గుట్ట మీద నక్క ఆవులిస్తే ఇక్కడ పసిగట్టే ముక్కు.

సాయంత్రం ఆసామి మోటారు గది ముందు బల్బు వేసి ఊళ్ళోకి వెళ్ళిపోతాడు. కోళ్ళు పాక కింద చేరాక గంగన్న పెద్ద వెదురు గంపను కొమ్ముతో ఎత్తి వాటి మీద బోర్లించి, మెడ దానికి ఆనించి పడుకుంటాడు. గంప పడ్డాక భయం లేదు. భయమంతా గంప పడేలోపే. ఆ కాస్త వేళా నక్క వాసన తగిలితే మొరగడం మచ్చమ్మ పని. పోయిన వేసవిలో పడిశం పట్టి ఒక్కరోజు ముక్కు మూసుకుపోతే, కుచ్చుతోక నక్క ఒక కోడిపెట్టను ఎత్తుకుపోయింది. అప్పటినుంచి ఎర్రపుంజు మాట మారింది.

"ఇంకొక్కటి పోయిందంటే ఆసామి కొత్త కుక్కను తెస్తాడు మామ్మా. నేను అనడం కాదు, ఆయనే అన్నాడు. నిన్ను ఊళ్ళో సంతకాడ వదిలేస్తాడట."

సంతకాడ ఎవరు తనవాళ్ళు? ఆ రోజునుంచి మచ్చమ్మ సాయంత్రాలు కునుకు తీయడం మానేసింది.

ఇలా ఉండగా ఒకనాడు, పట్టపగలు, ముళ్ళకంచె అవతలనుంచి పిలుపు వినిపించింది.

"మచ్చమ్మత్తా, కులాసాయేనా?"

"నీ కంపు తగిలి చాలాసేపైంది కుచ్చయ్యా. ఇంతసేపూ అక్కడ ఏం చేస్తున్నావు?"

"ఎలా మొదలెట్టాలా అని ఆలోచిస్తున్నా. ఆ కంపు సంగతే మాట్లాడదామని వచ్చాను. నా వాసనకు నాకే సిగ్గుగా ఉంది. కోపం తెచ్చుకోకండి గానీ, మీ పాక వాసన మాత్రం తక్కువా? కోళ్ళ పెంట, ఎద్దు పేడ, కుళ్ళిన నిమ్మకాయలు. సాయంత్రం చల్లగాలికి కూర్చుందామంటే మా గుట్ట మీదికి అదే వస్తుంది."

"కూర్చోకు," అన్నాడు గంగన్న.

"అలా అంటే ఎలా బావా? ఇదిగో, మొక్కలు తెచ్చాను. చంద్రకాంత గింజలు, సన్నజాజి కొమ్మలు, రాత్రిరాణి కొమ్మలు. మూడూ పొద్దు వాలాక పూసేవే. పగలంతా పనిచేసే మీలాంటివాళ్ళ కోసమే దేవుడు పుట్టించాడు."

తన పాటలోని పేర్లు ఒక్కొక్కటీ నక్క నోట వినేసరికి మచ్చమ్మకు ఒళ్ళు ఝల్లుమంది. అయినా అడిగింది. "ఊరికే ఇస్తావా? నీకేంటి లాభం?"

"గాలికి కంచె లేదు కదత్తా. మీరు పెంచితే నేను పీలుస్తా."

కోళ్ళు అప్పటికే మెడలు సాచాయి. తొమ్మిది పిల్లల తల్లి జుట్టుకోడి మాత్రం గొణిగింది. "రాత్రిరాణికి పాములొస్తాయంటారు."

"పాము వస్తే ఒక్క కేక వెయ్యి చెల్లెమ్మా, నేనొచ్చి చూసుకుంటాను."

"నువ్వు వస్తే పామే నయం," అంది జుట్టుకోడి. అందరూ నవ్వారు, నక్కతో సహా.

"ఒక్క మాట," అన్నాడు కుచ్చయ్య వెళ్ళబోతూ. "చంద్రకాంత గేటు దగ్గర వేయండి, జాజిని మోటారు గది గోడకు పాకించండి. రాత్రిరాణి మాత్రం కోళ్ళ పాక పక్కనే. కంపు ఎక్కువున్న చోటే కదా మందు వేయాలి."

తోట పని మొదలైంది. కోళ్ళు గీరి గీరి మడి చేశాయి. గుంటలు మచ్చమ్మ తవ్వింది, కళ్ళతో పనిలేని పని అదొక్కటే. ఎరువు గంగన్న ఇచ్చాడు, అడగకుండానే. చంద్రకాంత గింజలు మిరియాల్లా ఉన్నాయని ఎర్రపుంజు నాలుగు మింగి, ఆ పూటంతా మౌనంగా ఉన్నాడు. తోటలో అంత ప్రశాంతత ఎన్నడూ లేదు. లేత కొమ్మలు ఎండకు వాడకుండా నాటిన కొత్తలో గంగన్న గంప తెచ్చి పగలంతా వాటి మీద బోర్లించేవాడు, సాయంత్రానికి తీసి కోళ్ళ మీద వేసేవాడు. ఒకటే గంప, రెండు ఉద్యోగాలు.

వానలు పడ్డాయి. మొక్కలు లేచాయి. మచ్చమ్మకు సాయంత్రం తిరిగి వచ్చింది.

అవును, అలాగే అనిపించింది ముసలిదానికి. ఇన్నాళ్ళూ పొద్దు ఎప్పుడు వాలిందో ఎవరో చెబితే గానీ తెలిసేది కాదు. ఇప్పుడు గేటు వైపునుంచి చంద్రకాంత సన్నగా పలకరిస్తే కోళ్ళు ఇంకా మేతలో ఉన్నట్టు. జాజి వాసన గోడ దిగి వచ్చిందంటే ఆసామి బల్బు వేసినట్టు. ఆ తర్వాత చాలాసేపటికి, కోళ్ళు కిక్కురుమనకుండా సర్దుకున్నాక, రాత్రిరాణి. అదొచ్చిందంటే ఇంక మిగతా లోకమంతా దాని వెనకే. గంగన్న పేడ వాసన కూడా సిగ్గుపడి పక్కకు తప్పుకునేది. వాసనలకు ఇంత వరస ఎవరు నేర్పారో అని మచ్చమ్మ ముక్కు గాలికెత్తి ఆశ్చర్యపోతూ ఉండేది.

ఒకరోజు పొద్దున్నే ఎర్రపుంజు గంప చుట్టూ గిర్రున తిరిగాడు.

"మామ్మా, ఇవి ఎవరి అడుగులు?"

మచ్చమ్మ మూతి నేలకు ఆనించింది. నక్క. మూడుసార్లు గంప చుట్టూ తిరిగిన నక్క. రాత్రి తన ముక్కు ముందునుంచే నడిచి వెళ్ళింది, తనకు తెలియలేదు.

"గంప కింద ఉన్నాం కాబట్టి సరిపోయింది," అంది జుట్టుకోడి, పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటూ. "మామ్మా, నిద్రపోయావా?"

"లేదే తల్లీ."

"మరి?"

మచ్చమ్మ రాత్రిరాణి చెట్టు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. పగలు అది ఉత్త ఆకు వాసన వేస్తోంది, ఏమీ ఎరగనట్టు. కుచ్చయ్య మందు ఎవరి కంపుకు వేసుకున్నాడో అప్పుడు అర్థమైంది ముసలిదానికి.

"పీకేద్దాం," అన్నాడు ఎర్రపుంజు.

"వద్దు. చెట్టేం చేసింది?" అంది మచ్చమ్మ. "నాకు ఒక్క నాలుగు రోజులు టైమివ్వు. అప్పుడు కూడా ఇలాగే ఉంటే నేనే సంతకాడికి నడిచి పోతాను, ఎవరూ వదలక్కర్లేదు."

ఆ మధ్యాహ్నమే కుచ్చయ్య కంచె దగ్గరికి వచ్చాడు, క్షేమసమాచారాలకు.

"పూలెలా ఉన్నాయత్తా?"

"బ్రహ్మాండం. రాత్రిరాణి పూశాక నా ముక్కుకు ఇంకేమీ అందదు, ఏం దాచుకోను. కాకపోతే అది పూసేసరికి గంప పడిపోతుంది, కోళ్ళు నిద్రపోతాయి. పాపం వాటికి ఆ వాసన ప్రాప్తం లేదు. అదేదో కాస్త ముందే విచ్చితే బాగుండు."

కుచ్చయ్య పాక పక్కనున్న రాత్రిరాణి వైపు ఓసారి చూశాడు. తర్వాత నవ్వాడు. "విచ్చుతుందిలే అత్తా. రోజూ మా గుట్ట దాకా వినిపిస్తుంది, మీ పాట మిగతాది గుర్తొచ్చిందా?"

"ఏదో 'మూశారే' అనే వరకూ వచ్చింది."

"నోరు మూశారే, అయ్యుంటుంది. ముసలమ్మ నోరు మూశారే." తోక ఊపుకుంటూ పోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రాత్రిళ్ళు చెట్టు దగ్గర పూలు తెంపిన చప్పుడు మాత్రం మచ్చమ్మ చెవిన పడింది. నిద్రపోతున్నట్టే పడుకుంది.

మూడో సాయంత్రం. గేటు దగ్గర చంద్రకాంత అప్పుడే విచ్చుతోంది. కోళ్ళు మేతలో ఉన్నాయి, గంగన్న గడ్డివాము వెనక ఉన్నాడు. అప్పుడొచ్చింది రాత్రిరాణి వాసన, ఘాటుగా, గేటు వైపునుంచి.

మచ్చమ్మ తల ఎత్తింది. జాజి ఏదీ? ఇంకా మొగ్గే. బల్బు వేసిన చప్పుడేదీ? లేదు. మధ్యలో ఒక మెట్టు ఎగరగొట్టి ఈ రాణీగారు ఎలా వచ్చింది? పైగా నాటిన చోటునుంచి రాలేదు. నడిచి వస్తోంది, నాలుగు అడుగులు వేసి, ఆగి, మళ్ళీ నాలుగు అడుగులు.

మొరగాలి. మొరిగితే పారిపోతాడు, రేపు ఇంకో వేషంతో వస్తాడు. మచ్చమ్మ మొరగలేదు. మెత్తగా పలకరించింది.

"ఎవరమ్మా అక్కడ, రాత్రిరాణివా?"

అడుగులు ఆగిపోయాయి. కుచ్చయ్య మూడు రాత్రులు పూలు కోసి, తడి అరటాకులో చుట్టి, బొరియలో దాచి, ఒంటికంతా పులుముకుని, బొచ్చు నిండా రెమ్మలు గుచ్చుకుని వచ్చాడు. చూసేవాళ్ళకు పొదలాగే ఉన్నాడు. జుట్టుకోడి పిల్లలు రెండు గెంతుల దూరంలో ఉన్నాయి. ముసలిది గుడ్డిదే కదా అనుకుని, చేతనైనంత సన్నని గొంతుతో అన్నాడు. "అవును మామ్మా. కొత్త కొమ్మను."

"అలాగా. గొంతు కాస్త బొంగురుగా ఉందే?"

"మంచుకు పట్టేసింది."

"పాపం. కదలకు తల్లీ, కొత్త కొమ్మ కదిలితే వేరు పట్టదు. గంగన్నా, ఓ గంగన్నా. ఇక్కడొక లేత కొమ్మ వచ్చింది, ఇలా రా."

గంగన్న వచ్చాడు. చూశాడు. రెమ్మల మధ్యనుంచి రెండు కళ్ళు తనకేసి చూస్తున్నాయి. గంగన్న నెమరు వేయడం ఆపాడు, మూడేళ్ళలో మొదటిసారి.

"అవును మామ్మా, కొమ్మే," అన్నాడు నిదానంగా. "ఏం చేయమంటావు?"

"కొత్త కొమ్మకు ముందుగా ఏం వేస్తాం?"

"ఎరువు."

గంగన్న వెనక్కి తిరిగాడు. కుచ్చయ్యకు విషయం తెలిసేలోపే వెచ్చగా, సుబ్బరంగా, తల మీదుగా పడింది. కోడిపిల్లలు ఇప్పుడు ఒక్క గెంతు దూరంలోకి వచ్చాయి, ఏంటా అని చూడ్డానికి. ఓర్చుకుంటే దక్కుతాయి. ఓర్చుకున్నాడు.

"చాలా మామ్మా?" అన్నాడు గంగన్న.

"నీళ్ళు పోయకపోతే ఎలా?"

గంగన్న నీళ్ళూ పోశాడు. అవి బావి నీళ్ళు కావు. జుట్టుకోడి ముక్కు చిట్లించి పిల్లల్ని వెనక్కి లాగింది. "ఇదేం మొక్క, తుమ్ముతోంది?"

"లేత కొమ్మ కదా, తుమ్ముతుంది. ఇంక చివరిది ఒకటుంది గంగన్నా. వాడకుండా ఏం చేస్తాం?"

గంగన్న కొమ్ము వంచి పెద్ద గంపను ఎత్తాడు. కుచ్చయ్య అప్పుడు లేచాడు. కానీ గంగన్న అదే పని మూడేళ్ళుగా, ఒక్క కోడి ఈకకు తగలకుండా చేస్తున్నవాడు. గంప పడింది, దాని మీద గంగన్న మెడ పడింది.

మచ్చమ్మ నోరు తెరుచుకుంది.

"గంప మూశారే," అంది. మళ్ళీ అంది. "రాత్రిరాణి విచ్చిందే చెల్లెలా, గంప మూశారే. ఓరి గంగన్నా, గంప. రోజూ చెవి పక్కనే దబ్బుమని పడుతోంది, నాకు తట్టలేదు చూడు."

గోడ మీద జాజి విచ్చింది. ఆసామి వచ్చి బల్బు వేసి, ఎద్దు గంపకు ఆనుకుని ఉండటం చూసి, అంతా సవ్యంగా ఉందనుకుని వెళ్ళిపోయాడు. ఎర్రపుంజు గంపెక్కి ఒక కూత కూశాడు, వేళ కాకపోయినా. దిగివచ్చి మచ్చమ్మ ముందు తల దించుకున్నాడు.

"మామ్మా, సంత మాట ఇంకెప్పుడూ ఎత్తను."

"ఎత్తకపోతే చాలు. ఇప్పుడు మీకు గంప కావాలి కదా పడుకోడానికి. బయటికి తోలేద్దామా వీణ్ణి?"

"వదిలేయడమా?"

"ఆ వాసనతో గుట్ట మీద ఎవరింటికి పోతాడో పోనీ. నా సాయంత్రాలు నాకు తెచ్చిపెట్టింది వాడే. ఆ ఒక్కదానికి." మచ్చమ్మ గంప దగ్గరికి వచ్చింది. "కోళ్ళన్నీ పుంజుతో పాటు పాక పక్కనున్న ఎద్దుబండి మీదికి ఎక్కండి. గంగన్నా, గేటు వైపు అంచు ఎత్తు. కుచ్చయ్యా, అటు ఒక్కవైపే దారి, పక్కన కొమ్ములున్నాయి."

కుచ్చయ్య దూసుకుపోయాడు. కంచె దాటాక, అలవాటు పోక, ఆగి ఒళ్ళు వాసన చూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పాక పక్కన అసలు రాత్రిరాణి విచ్చడం మొదలైంది, తన వేళకు, తన చోట. చీకట్లోనుంచి కుచ్చయ్య గొంతు మచ్చమ్మకు వినిపించింది. ఈసారి బొంగురుగానే ఉంది.

"వాసన అరువు తెచ్చుకున్నవాడు, వేళ కూడా తెచ్చుకోవాలత్తా."