వాకిట్లో నిలబెట్టిన కర్పూరం

రేవుపట్నం ధర్మవైద్యశాలలో నూకాలు మందులు నూరేది. ప్రతి దినుసు పేరూ, అది వచ్చిన చోటూ పైకి చెప్పి, వైద్యుడు తలూపాకే కల్వంలో వెయ్యాలన్నది అక్కడి ఆచారం.

కోశాధికారి గోకర్ణుడు కొత్త ఆజ్ఞ తెచ్చాడు. పరదేశి రోగి పది వరహాలు కట్టందే గడప దాటకూడదట. అప్పటినుంచి వైద్యుడు పేరిశాస్త్రి నాడి చూడకముందే ఊరడిగేవాడు. అడిగిన ప్రతిసారీ తల దించుకునేవాడు.

ఓ ఉదయం, పడవలో కర్పూరం తెచ్చిన పరదేశి సరంగు ఒకడు జ్వరంతో వైద్యశాల వాకిట్లో కూలబడ్డాడు. అతని దగ్గర వరహాలు లేవు. శాస్త్రి తల దించుకుని లోపలికి వెళ్లిపోయాడు. నూకాలు మాత్రం రెండు మందు జాడీలు మోసుకెళ్లి అతని పక్కన పెట్టి వచ్చింది.

అంతలో గోకర్ణుడి తల్లిని పల్లకీలో తెచ్చారు. ఆవిడకు ఊపిరాడటం లేదు.

"తొందరగా నూరవే!" అన్నాడు గోకర్ణుడు.

"కర్పూరం సముద్రం అవతలిది, ఇంగువ కొండల అవతలిది. రెండూ పరదేశపువే కదా దొరా, వరహాలు కట్టలేదని బయటే ఉంచాను."

"పిచ్చిదానా! అవి లేకపోతే మా అమ్మ బతకదు!"

"జాడీకి తలుపు తీస్తే, దాన్ని మోసుకొచ్చినవాడికి ఎలా మూస్తాం దొరా?"

గోకర్ణుడు వాకిట్లోకి పరుగెత్తాడు. సరంగు కర్పూరం, ఇంగువ జాడీలు ఎత్తి అతనికి అందించాడు. గోకర్ణుడు జాడీలు నూకాలు చేతికిచ్చి, తిరిగి వెళ్లి సరంగును తనే లోపలికి నడిపించుకొచ్చాడు.

ముసలమ్మకు ఊపిరి కుదుటపడ్డాక శాస్త్రి సరంగు నాడి పట్టుకున్నాడు. ఊరడగలేదు. తలా దించుకోలేదు.