బూరెతో పాటు పరుపు

నిండు కొలువులో, పొరుగు రాయబారి ఎదుట, కంచిమెట్ట రాజుగారు వీపు గోక్కోకుండా ఉండలేకపోయారు. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"అంతా ఆ కుక్కపిల్ల బూరె వల్లే! దాని ఒంటినిండా నెత్తురు తాగే గోమార్లు. దాన్ని కోటలోంచి వెళ్లగొట్టండి!" అని అరిచారు.

బూరెను సాకే పోలమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది.

"చిత్తం ప్రభూ. వెళ్లగొట్టినవాళ్లకు వాళ్ల పక్క ఇచ్చి పంపడం మన కోట ఆచారం. దీని పక్క కూడా ఇప్పించండి."

"తీసుకుపో. ఎక్కడుంది?"

"తమరి పరుపే ప్రభూ. రోజూ తమరి కాళ్ల దగ్గరే కదా పడుకునేది."

రాయబారి నవ్వు ఆపుకున్నాడు. రాజుగారు అన్న మాట కాదనలేక పరుపు ఇచ్చేశారు.

కోట బయట తన గుడిసెలో పోలమ్మ పరుపు విప్పి, గుడ్డ ఉడకబెట్టి, దూదిని ఎండబెట్టింది. నాకితే పసికూనకు ప్రమాదమని మందుల జోలికి పోకుండా, బూరెకు గోరువెచ్చని నీళ్లు పోసి రోజూ పేలదువ్వెనతో దువ్వింది.

వారం తిరక్కుండానే రాజుగారు గుడిసెకు వచ్చారు. కాళ్ల దగ్గర బూరె లేక ఆయనకు నిద్ర పట్టడం లేదు. కూనను ఒళ్లోకి తీసుకుని బొచ్చంతా వెతికారు. ఒక్క గోమారీ లేదు.

"పద, కోటకు," అన్నారు. పోలమ్మ పరుపు చుట్టబెట్టింది.

"ఏం చేశావే?"

"గోమార్ల గుడ్లు రాలేది పక్కలోనే ప్రభూ. ఇకనుంచి పరుపు ఎండేస్తుంటే చాలు."

"ఆ ముక్క కొలువులోనే చెప్పొచ్చుగా?"

"తమరి పరుపుకు గోమార్లు పట్టాయని కొలువులో అంటే, నా చాప కూడా చుట్టుకోవలసి వచ్చేది ప్రభూ!"