పాస్కా నాటి పచ్చ బిస్కెట్లు

బట్టీ నాకు ఇస్తారా, ఇవ్వరా? ఆ ఏడాది పాస్కాకి, అదే ఈస్టరుకి, ముందొచ్చే తపస్సు కాలం నలభై రోజులూ నాకున్న బెంగ అదొక్కటే. క్రీస్తు పాట్లు తలుచుకోవాల్సిన రోజుల్లో బిస్కెట్లు కాల్చే బట్టీని తలుచుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు అరవై మూడేళ్లొచ్చాయి కాబట్టి సిగ్గుపడకుండా చెప్పేస్తున్నాను.

అప్పటికి నాకు ఇరవై. మన్యంలో, కొండ మీద ఉన్న మా మఠంలో కన్యస్త్రీ కావడానికి చేరి రెండేళ్లయింది. పేరు శౌరమ్మ, ఊరు తెనాలి. మా నాన్నకి అక్కడ బేకరీ ఉండేది. నేను నడక నేర్చింది పిండి బస్తాల మధ్య. అందుకని మఠం వంటింట్లో అడుగుపెట్టిన మొదటి రోజే, ఇక్కడ నాకు తెలియంది ఏముందిలే అనుకున్నాను. నోటితో అనలేదు గానీ మొహం మీద రాసిపెట్టి ఉండేదట. తరవాత అందరూ చెప్పారు.

ఆ వంటింటికి పెద్ద సిస్టర్ సెసిలియా. మేమంతా సెసిలమ్మ అనేవాళ్లం. భీమిలి దగ్గర చేపలవాళ్ల ఇంటి బిడ్డ. ఎనభై దాటాయి. యాభై ఏళ్లుగా ఆ కట్టెల బట్టీ ఆవిడదే. చేతులకి వణుకు వచ్చి, బిస్కెట్లు పేర్చిన రేకుల్ని లోపలికి తోసే పొడుగాటి చెక్క తెడ్డు ఎత్తలేకపోతోంది. ఎవరో ఒకరికి అప్పగించక తప్పదు. నేను కాక ఇంకెవరున్నారని నా ధీమా.

మా మదర్ సుపీరియర్‌కి మాత్రం వేరే ఆలోచన ఉంది. పల్లంలో మా వాళ్లదే ఒక హాస్టలుంది. అక్కడ రిజిస్టర్లు రాసే మనిషి కావాలి. నా చేతిరాత గుండ్రంగా ఉండటం నా కొంప ముంచింది. శౌరమ్మని పంపించెయ్యనా అని మదర్ అడిగితే, పాస్కా వెళ్లనివ్వండి, అప్పుడు చెప్తాను అందట సెసిలమ్మ. ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. రిజిస్టర్లు రాసుకుంటూ బతకడమా? బట్టీ ముందు నిలబడితే తప్ప నేను మనిషిని కాను, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

మా మఠంలో పాస్కా పండగంటే పచ్చ బిస్కెట్లే. వెనక వాలులో పాతిక తేయాకు మొక్కలుండేవి, ఎప్పుడో పాత సిస్టర్లు నాటినవి. చలి విడిచి కొత్త చిగురు వెయ్యగానే సెసిలమ్మ బుట్ట పట్టుకెళ్లి లేతాకులు గిల్లుకొచ్చేది. ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టి, నీడన ఆరబోసి, తిరగట్లో విసిరి, పల్చటి గుడ్డలో జల్లించేది. నెల్లాళ్లు కష్టపడితే చిన్న డబ్బాడు పొడి వచ్చేది. మూత తీస్తే అప్పుడే కోసిన గడ్డి వాసన.

ఆ పొడిని వెన్నలో, పంచదారలో, మైదాలో కలిపితే ముద్ద చిలకపచ్చగా ఉండేది. బిస్కెట్లు చల్లారాక వాటి మీద నారింజ ఐసింగు. నారింజ రసంలో పంచదార పొడి కలిపి, తొక్క కాస్త తురిమి వేసి, పలచగా నడుమ ఒక్క గీత గీసేది. అంచుల్లో పచ్చదనం కనపడాలి. నలభై రోజులు తీపి ముట్టని నోటికి ఆ పులుపూ, ఆ తీపీ, వెనకాలే వచ్చే ఆ సన్నటి చేదూ తగిలితే ఉండేది చూడండి, ఇవాళ ఎంత పెట్టి కొన్నా ఆ రుచి దొరకదు.

చుట్టుపక్కల గూడేల నుంచి పాస్కా పూజకి వచ్చే పిల్లలకి తలా రెండు ఇచ్చేవాళ్లం. ఆ రెండింటి కోసం వాళ్లు తెల్లవారకుండా లేచి, వాగు దాటి వచ్చేవాళ్లు.

సెసిలమ్మకి గడియారంతో పని లేదు. రేకు లోపలికి తోసి, బట్టీ ముందు పీట వేసుకుని జపమాల చెప్పుకునేది. పది మంగళవార్త జపాలైతే ఒక దేవరహస్యం. అలా మూడు దేవరహస్యాలు పూర్తయ్యాయంటే బిస్కెట్లు బయటికి రావాల్సిందే. అప్పటికి అవి పచ్చిపచ్చిగా, మెత్తమెత్తగా ఉండేవి. చూస్తే నాకు ఒళ్లు మండేది. మా నాన్న ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు, ఎర్రబడనిది బిస్కెట్టు కాదు, ముద్ద అని. ఈ ముసలావిడ చూపు ఆనక తొందరపడి తీసేస్తోంది, చల్లారాక గట్టిపడుతున్నాయంటే అదేదో దేవుడి దయ అనుకునేదాన్ని. ఒకసారి ఆ సంగతి మెల్లగా చెప్పబోయాను కూడా. తాతకి దగ్గులు నేర్పడమంటే అదే. ఆవిడ నవ్వి ఊరుకుంది.

పాస్కా ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, సెసిలమ్మకి ఒళ్లు వెచ్చబడింది. రెండు రేకులు అయ్యాయి. ఇంకో రెండు మిగిలాయి, రేకుకి ఇరవై చొప్పున. ఇక కూర్చోలేక లేచి, తెడ్డు నా చేతిలో పెట్టింది.

"మూడు దేవరహస్యాలే. పచ్చిగున్నాయని భయపడిపోకు," అంది.

నాకా భయం? రెండు రేకులూ ఒకేసారి తోసి, మూడూ చెప్పాను. తొంగి చూశాను. ముద్దలు ముద్దల్లాగే ఉన్నాయి. ఇలాగే తీస్తే రేపు అందరి ముందూ పరువు పోయేది నాది. తెనాలి బేకరీ పిల్ల పచ్చి బిస్కెట్లు పెట్టిందంటారు. అందుకని ఇంకో రెండు దేవరహస్యాలు చెప్పాను, భక్తిగా కూడా కాదు, గబగబా.

తీసేసరికి ఆ పచ్చదనం ఏమైపోయిందో. అంచులు నల్లగా కమిలాయి, నడుమంతా ఎండుటాకు రంగు. ఒకటి విరిచి కొస నాలిక మీద పెట్టుకుంటే విషం చేదు. తేయాకు పొడికి వేడి ఎక్కువైతే అంత చేదెక్కుతుందని నాకేం తెలుసు? మా నాన్న బట్టీలో ఎప్పుడన్నా తేయాకు వేశామా? డబ్బా తెరిచి చూస్తే పొడి చిటికెడు కూడా లేదు. మళ్లీ చెయ్యడానికి లేదు. నన్ను హాస్టలుకి తీసుకెళ్లే బస్సు కళ్ల ముందు కనపడింది.

అప్పుడు చేశాను ఆ పని. నారింజ ఐసింగు చిక్కగా కలిపి, బిస్కెట్టు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గోడకి సున్నం కొట్టినట్టు కొట్టాను. విరిగిందాన్ని కూడా దాంతోనే అతికించాను. కింద ఏముందో మానవమాత్రుడికి తెలీదు. పైగా సెసిలమ్మ చేసిన వాటి పక్కన పెడితే నావే పెళ్లికూతుళ్లలా మెరిసిపోతున్నాయి. మదర్ అటుగా వచ్చి, శౌరమ్మ చెయ్యి భలే ఉందే అని మెచ్చుకుంది. నేను తల వంచుకుని, అంతా దేవుడి దయ మదర్ అన్నాను. ఎంత ధైర్యమో చూడండి.

పాస్కా నాడు పొద్దున్న పూజ అయింది. పిల్లలు వరండాలో బారులు తీరారు. జ్వరం తగ్గీ తగ్గకుండానే సెసిలమ్మ లేచి వంటింట్లోకి వచ్చింది. నా రేకులోంచి ఒక బిస్కెట్టు తీసింది. పైన చూడలేదు, తిరగేసింది. అడుగు చూసి, మళ్లీ దాని చోట దాన్ని పెట్టేసి, నా రెండు రేకుల మీదా గుడ్డ కప్పింది. తను చేసిన రెండు రేకులే బయటికి పట్టుకెళ్లమంది. నా మొహం వంక కూడా చూడలేదు.

తలా ఒకటి వచ్చింది. ఏటా రెండు చేతులూ చాపడం అలవాటైన పిల్లలు రెండో చెయ్యి చాపుకునే నిలబడ్డారు. సెసిలమ్మ ఒక్కొక్కరి తలా నిమురుతూ, ఈ ఏటికి ఒకటేనమ్మా అని చెప్పుకుంటూ వెళ్లింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒక చిన్నపిల్ల మాత్రం తన బిస్కెట్టు సగానికి విరిచి, ఖాళీగా ఉన్న రెండో చేతిలో ఒక సగం పెట్టుకుంది. నేను ఆ పిల్లకి ఎదురుగానే ఉన్నాను. రేకు పట్టుకున్నది నేనే.

సాయంత్రానికి నా సంగతి తేలిపోతుందనుకున్నాను. తేలలేదు. సెసిలమ్మ మదర్‌కి చెప్తుందనుకున్నాను. చెప్పలేదు. అన్నం తిన్నావా అని ఎప్పటిలాగే అడిగింది. ఆ నలభై బిస్కెట్లనీ ఒక డబ్బాలో సర్ది అలమారలో పెట్టింది.

మర్నాడు నాలుగింటికి టీ కాచుకుని, డబ్బాలోంచి ఒకటి తీసింది. చెంచా పెట్టి పైన ఉన్న ఐసింగంతా మెల్లగా గీకేసి, సాసరు అంచున ఉంచింది. మిగిలిన ఆ మాడు ముక్కని టీలో ముంచుకుని తినేసింది. ఐసింగు తీసుకెళ్లి పెరట్లో చీమలకి పోసింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. ఆదివారం లేదు, పండగ లేదు, నాలుగు కొట్టిందంటే డబ్బా మూత చప్పుడు. కుక్కకి వెయ్యొచ్చు కదా అని తోట చూసే సిస్టరు అడిగితే, నెల్లాళ్లు గిల్లిన ఆకు కదమ్మా అంది.

తిట్టినా బాగుండేది. మా నాన్నయితే వీపు విమానం మోత మోగించి గంటలో మర్చిపోయేవాడు. ఇది అలా కాదు. నాలుగవుతోందంటే చాలు, గిన్నెలు తోముతున్నట్టు అటు తిరిగి నిలబడేదాన్ని. అయినా ఆ చెంచా గీకుడు వినపడేది. ఎవరు ఎవరితో మాడిన కూర సంగతి చెప్పుకున్నా, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

ఫాదర్‌గారు వచ్చినప్పుడు పాపసంకీర్తనానికి వెళ్లాను. కోపం చెప్పాను, జపంలో కునికిపాట్లు చెప్పాను, ఎవరి సబ్బో వాడుకున్న సంగతి కూడా చెప్పాను. ఇది మాత్రం గొంతు దాటలేదు. చెబితే ఆయన, వెళ్లి సెసిలమ్మతో ఒప్పుకోమ్మా అంటారని తెలుసు. ఒప్పుకుంటే బట్టీ పోతుంది. అందుకని సబ్బుతో సరిపెట్టాను.

మూడు వారాలు దాటాక ఒక రోజు ఆ బిస్కెట్టు ఆవిడ గొంతుకి అడ్డం పడింది. దగ్గి దగ్గి కళ్లమ్మట నీళ్లు కారాయి. నేను మంచినీళ్లు పట్టుకుని పరిగెత్తాను. తాగింది, కాసేపు కళ్లు మూసుకుని ఊపిరి తీసుకుంది. మిగిలిన సగం ముక్క సాసర్లో ఉంది. కళ్లు తెరిచి దాన్నే మళ్లీ చేతిలోకి తీసుకుంది.

ఇక నా వల్ల కాలేదు. పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. డబ్బాలోంచి ఒకటి తీసి, చెంచా ఇమ్మన్నాను. ఇచ్చింది. ఐసింగు గీకాను. కింద నా పని నాకు కనపడింది. నోట్లో పెట్టుకున్నాను. మూడు వారాలైనా చేదు రవ్వంత తగ్గలేదు. ఏడుపు ఆగలేదు.

"నేనే మాడ్చానమ్మా. మాడ్చి కప్పిపెట్టాను. పిల్లల నోటి దగ్గరది తీసేశాను," అన్నాను.

"ఎన్ని దేవరహస్యాలు చెప్పావు?"

"అయిదు."

సెసిలమ్మ తన గ్లాసులో టీ సగం నా గ్లాసులో పోసింది.

"ముంచుకుని తిను. దిగుతాది," అంది.

మర్నాటి నుంచి రెండు సాసర్లు పెట్టింది. నాలుగింటికి ఎదురెదురుగా కూర్చుని, ఎవరి బిస్కెట్టు వాళ్లం గీక్కుని, ముంచుకుని తినేవాళ్లం. కిటికీలోంచి నారింజ పూల వాసన వచ్చేది. మాట్లాడుకునేది తక్కువ. ఒక రోజు భీమిలిలో వాళ్లమ్మ చేపలు ఎండబెట్టడం గురించి చెప్పింది. ఇంకో రోజు నేను మా నాన్న గురించి చెప్పాను. ఆ తరవాత ఎన్నో విందుల్లో కూర్చున్నాను, ఎన్నో వండి వడ్డించాను. ఆ చేదు ముక్కలు తిన్న మధ్యాహ్నాలంత హాయి నాకు మళ్లీ దొరకలేదు. ఎందుకని నన్నడక్కండి.

అలా రెండు మూడు రోజులు గడిచాయో లేదో, మదర్ హాస్టలు వాళ్ల ఉత్తరం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. పాస్కా వెళ్లి నెల కావస్తోంది, ఏ సంగతీ చెప్పలేదేం అని సెసిలమ్మని అడిగింది. ఆవిడ నోరు తెరిచేలోపే నేను లేచి నిలబడి మొత్తం చెప్పేశాను. మాడ్చింది, కప్పింది, దేవుడి దయ అన్నది, అన్నీ. మదర్ మొహంలో రంగులు మారాయి. మెచ్చుకున్న మనిషి కదా, మరీ కష్టంగా అనిపించి ఉంటుంది. తరవాత నన్ను దాటుకుని సెసిలమ్మ వైపు తిరిగి, అయితే రేపటి బస్సుకి పంపించెయ్యనా అని అడిగింది.

సెసిలమ్మ డబ్బా దగ్గరికి లాక్కుని, మూత తీసి, వణికే వేలితో లోపల లెక్కపెట్టుకుంది.

"ఇంకా పదకొండున్నాయి మదర్," అంది. "నేనొక్కదాన్నీ తినలేను."